ట్రాలీ అక్క ఎటు తిరుగుతుంది?

ఆదివారం పొద్దున్న ఆరున్నర. గడ్డి మీద తడి ఇంకా ఆరలేదు. ట్రాలీ అక్క బంతి ఉన్న వల కర్రను చెవి పక్కన ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఎదురుగా, ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ల్యాబ్ పిల్ల కాళ్ళు ఎడం చేసి కాచుకుని నిలబడింది. ఇద్దరి మధ్యా నాలుగడుగులు మిగిలాయి. అప్పుడు ట్రాలీ అక్క, పళ్ళకు దెబ్బ తగలకుండా పెట్టుకున్న రబ్బరు అచ్చు నోటికి అడ్డం పడుతున్నా, గొంతెత్తి ఒక కేక పెట్టింది.

"గుడిగీ!"

'కుడికీ' అన్నమాట రబ్బరులోంచి అలా వచ్చింది. కేక పెట్టి, కుడికే వెళ్ళింది. ల్యాబ్ పిల్ల తాపీగా ఒక్క అడుగు జరిగి దారికి అడ్డం నిలబడింది. ట్రాలీ అక్క ఆపుకోలేక వెళ్ళి గుద్దింది. ఈల మోగింది. బంతి ఎదుటివాళ్ళకు పోయింది.

"అక్కా, ఎటు వెళ్తావో నువ్వే చెప్పేస్తే ఇక నాకు పనేముంది? ఇంటికెళ్ళి పడుకునేదాన్ని కదా!" అంది ల్యాబ్ పిల్ల, పడ్డ కర్ర ఏరి అందిస్తూ. మైదానంలో ఉన్న పదిమందీ పడీ పడీ నవ్వారు. ట్రాలీ అక్క కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? అరిచానన్న సంగతి ఈల మోగేదాకా ఆమెకే తెలియదు.

లాక్రోస్‌లో బంతిని చేత్తో ముట్టుకోకూడదు. పొడుగాటి కర్ర చివర చిన్న వల ఉంటుంది. బంతిని అందులో పట్టి, జారిపోకుండా ఊపుకుంటూ పరిగెత్తి, ఎదుటి జట్టు గోల్లో వెయ్యాలి. ఆడవాళ్ళ ఆటలో అడ్డొచ్చిన మనిషిని గుద్దుకుంటూ పోవడం తప్పు. ఏమార్చి దాటాలి. ఆ ఏమార్చడం ఒక్కటే ట్రాలీ అక్కకు చేతకాదు. బంతి పట్టడంలో, నేల మీద దొర్లే బంతిని వలలోకి తియ్యడంలో, గీత గీసినట్టు తిన్నగా పరిగెత్తడంలో జట్టులో ఆమెను మించినవాళ్ళు లేరు. నాలుగేళ్ళలో నాలుగు గోల్స్ కొట్టింది. నాలుగూ ఎదురుగా మనిషన్నవాడు లేనప్పుడు కొట్టినవే.

ఆ ఆదివారం ఆట అయ్యాక ఫిజియో మేడం ఆమెను పక్కకు పిలిచింది. మేడం ఆసుపత్రిలో విరిగిన కాళ్ళకు నడక నేర్పుతుంది, ఆదివారాలు ఆసుపత్రి ఆడవాళ్ళ ఈ జట్టుకు ఆట నేర్పుతుంది. రెండు చోట్లా ఒకటే గొంతు.

"మూడు వారాల్లో నీళ్ళ బోర్డు వాళ్ళతో మ్యాచ్. ముందు వరసలో ఒక్క చోటే ఖాళీ. నువ్వున్నావు, ల్యాబ్ పిల్ల ఉంది. ఆ పిల్లకి నీ బలం లేదు, కానీ మనిషిని దాటుతుంది. ఆ మ్యాచ్‌లో నువ్వు ఒక్కర్నైనా దాటితే నీ ఏడో నంబరు చొక్కా నీదే. లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఆ పిల్లకిచ్చేస్తాను. మొహమాటం లేకుండా చెప్తున్నా."

"మీకు మొహమాటం ఎప్పుడుంది మేడం?" అంది ట్రాలీ అక్క. అని, ఆ చొక్కా విప్పకుండానే ఇంటికి నడిచింది.

*

ఆమె పని ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో. మూడంతస్తుల వార్డుల నుంచి మాసిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు ట్రాలీలో వేసుకుని నేలమాళిగలోని మిషన్ల దగ్గరికి తోస్తుంది. ఉతికినవి మళ్ళీ పైకి తోస్తుంది. నిండిన ట్రాలీ ఆమె భుజాలంత ఎత్తు ఉంటుంది. నలుగురు మనుషులంత బరువు. బ్రేకులు ఉన్నాయంటే ఉన్నాయి. నేలమాళిగ నడవా రెండు ట్రాలీలు పక్కపక్కన పట్టనంత ఇరుకు. మలుపు దగ్గర పైన ఒక గుండ్రటి అద్దం ఉంది గానీ ఉతుకు మిషన్ల ఆవిరికి అది ఎప్పుడూ మసకే. అందుకే గోడ మీద ఎర్ర రంగుతో రెండు ముక్కలు రాసిపెట్టారు: మలుపుకు మూడడుగుల ముందు గట్టిగా చెప్పు. చెప్పినవైపే తిరుగు.

ఆమె అక్కడ చేరినప్పుడు వయసు ఇరవై నాలుగు. తల్లి కుట్టుపనిలో పేరున్న మనిషి. కూతురికీ అదే నేర్పాలని మూడేళ్ళు తంటాలు పడింది. సూది కూతురి చేతిలో నిలవలేదు. "నీ చేతులు నెట్టడానికి పుట్టాయే, కుట్టడానికి కాదు" అని తల్లే విసిగి వదిలేసింది. నెట్టే పనే దొరికింది. పద్నాలుగేళ్ళుగా రోజుకు నలభైసార్లు ఆ మలుపు దగ్గర "కుడికి!", "ఎడమకి!" అని అరిచి, అరిచినవైపే తిరిగింది. ఒక్క గిన్నె పగల్లేదు. ఒక్క కాలి వేలు నలగలేదు.

ఆటలోకి ఆమె తనంతట తాను రాలేదు. నాలుగేళ్ళ కిందట జట్టులో ఒకరు తగ్గారు. ఆ రోజుల్లోనే ఫిజియో మేడం నేలమాళిగలో తువ్వాళ్ళ కోసం వెళ్తుంటే మలుపులో ఈమె ట్రాలీ ఎదురైంది. నిండు ట్రాలీని ఈమె ఒక్క అడుగులో ఆపి నిలబెట్టింది. మేడం తువ్వాళ్ళ సంగతి మరిచిపోయి కిందికి వంగి ఆమె పిక్కలు చూసింది. "ఈ కాళ్ళు ఆదివారం నాకు కావాలి" అంది. పిచ్చిదేమో అనుకుంది ట్రాలీ అక్క. ఆదివారం మాత్రం వెళ్ళింది. ఆ వారం మొత్తంలో ఆమె చక్రాలు లేకుండా పరిగెత్తిన గంట అదొక్కటే. ఆ తర్వాత ఇక ఏ ఆదివారమూ మానలేదు.

*

అరవకుండా ఉండటం మొదటి వారంలో నేర్చుకుంది. పళ్ళ మధ్య రబ్బరు అచ్చును గట్టిగా కొరికిపట్టి పరిగెత్తేది. దవడలు పీకేవి. మాట మాత్రం బయటికి రాలేదు. అయినా ల్యాబ్ పిల్ల పదిలో తొమ్మిదిసార్లు ఆమెను ఆపేసింది.

"ఇప్పుడెలా తెలుస్తోందే నీకు?"

"ఏమో అక్కా. నిన్ను చూస్తే తెలిసిపోతుంది అంతే."

ఆ 'అంతే' ఏమిటో తెలియక ట్రాలీ అక్కకు అన్నం సయించలేదు. సాయంత్రం పని నుంచి వచ్చి, వంటగదికీ ముందుగదికీ మధ్య ఉన్న సన్నటి నడవాలో కర్ర పట్టుకుని అటూ ఇటూ గంతులు మొదలుపెట్టింది. బంతి రెండుసార్లు అలమరకు తగిలింది. లిఫ్టులు బాగుచేసే భర్త తలుపు సందులోంచి తొంగిచూసి, "నేను బయటికి వెళ్ళాలంటే టికెట్ తీసుకోవాలా?" అని, గోడకు అతుక్కుని జరుగుతూ వెళ్ళిపోయాడు.

తల్లి నడవా చివర స్టూలు మీద కూర్చుని చూస్తోంది. డెబ్బై ఏళ్ళు. మోకాళ్ళు పనికిరావు. కళ్ళు మాత్రం ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాయి.

"ఏమే, ఆ కుప్పిగంతులు ఆపి ఇటు రా. నన్ను దాటి వంటింట్లోకి వెళ్ళు చూద్దాం."

"నువ్వు కూర్చున్నావుగా అమ్మా."

"కూర్చున్నదాన్నే దాటలేకపోతే నిలబడ్డదాన్ని ఏం దాటుతావు?"

తల్లి చేతిలో చీపురు ఉంది. కూతురు ఎడమకు అడుగు వేసేలోగా చీపురు ఎడమవైపు అడ్డం పడింది. కుడికి కదిలితే కుడివైపు పడింది. ఐదుసార్లూ అంతే. ఐదోసారి చీపురు పిక్క మీద చురుక్కుమంది.

"నలభై ఏళ్ళు జనం భుజాలు కొలిచానే నేను" అంది తల్లి. "మనిషి లోపలికి అడుగు పెట్టగానే ఏ భుజం పల్లమో చెప్పేదాన్ని. నువ్వు ఎటు తిరగబోతే అటు భుజం ముందే దిగిపోతోంది. ఇంత బెత్తెడు. ట్రాలీ మలిపేటప్పుడు బరువంతా ఆ భుజం మీద వేస్తావు కదూ?"

నిజమే. ట్రాలీ తిరగాలంటే ముందు భుజం దిగాలి, తర్వాత కాలు వెళ్ళాలి. పద్నాలుగేళ్ళుగా అదే వరస. నోరు మూసుకున్నా భుజం మూసుకోలేదు.

తల్లి మెడలోంచి కొలత టేపు తీసి, నాలుగు మడతలు పెట్టి కూతురి కుడిభుజం మీద ఉంచింది. అది జారకుండా తిరగమంది. టేపు జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. వారం రోజులు ఆ ఇంట్లో టేపు కిందపడిన చప్పుడు, "ఊఁ, మళ్ళీ" అన్న మాట తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఎనిమిదో రోజు తల్లి టేపు మెడలో వేసుకుంది.

"ఇది వంగే భుజమే గానీ వినే భుజం కాదు. నా వల్ల కాదు. పోనీ, దిగేది దిగనీ. భుజాన్ని కుడికి దించు, కాలు ఎడమకి వెయ్యి."

"అలా ఎలా వస్తుందమ్మా?"

"వంకర భుజమున్నవాళ్ళకి చొక్కా ఎలా కుట్టానే? భుజం సరిచెయ్యలేదు నేను. లోపల ఇంత దూది పెట్టి, చూసేవాళ్ళ కంటిని సరిచేశా."

కుడిభుజం బెత్తెడు దిగింది. చీపురు కుడికి వెళ్ళింది. కుడికాలు నేలను గట్టిగా తన్ని ఆగింది. వల కర్ర మొహం ముందు నుంచి ఎడమచేతికి మారింది. ట్రాలీ అక్క ఎడమవైపు నుంచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే తల్లి చీపురు ఇంకా కుడివైపే చాపి ఉంది.

"ఓసి దొంగా!" అంది తల్లి. ఆ ఇంట్లో ఆ మాటకున్నంత విలువ ఇంకే మెచ్చుకోలుకూ లేదు.

ఆ తర్వాత ఆమెకు అదే ధ్యాస. మెట్ల మీద, బస్సు ఎక్కేటప్పుడు, వార్డుల్లో మంచాల మధ్య నడిచేటప్పుడు కూడా కుడికి వంగి ఎడమకు వెళ్ళడమే. ఒక నర్సు, "నీకు నడుం పట్టేసిందా?" అని అడిగి మాత్ర కూడా ఇచ్చింది. బుధవారం సాయంత్రం ల్యాబ్ పిల్లతో సాధన చేస్తే ఐదింట మూడుసార్లు దాటింది. మూడోసారి ల్యాబ్ పిల్ల కాళ్ళు మెలికపడి గడ్డి మీద కూలబడింది. "అక్కా, ఇదెక్కడ నేర్చావు?" అంటే, "చీపురు దగ్గర" అంది ట్రాలీ అక్క.

మర్నాడే జరగకూడనిది జరిగింది.

*

గురువారం పదకొండు గంటలకు నిండు ట్రాలీతో నేలమాళిగ మలుపు దగ్గరికి వచ్చింది. మూడడుగుల ముందు, ఎప్పటిలాగే, "కుడికీ!" అని గట్టిగా అరిచింది. ఎడమవైపు నడవాలో వంటగది వదిన నలభై సూపు గిన్నెల బండితో వస్తోంది. ట్రాలీ కుడికి పోతుంది కదా, తనకేం భయమని ఆగకుండా ముందుకే తోసింది. ట్రాలీ అక్క కుడిభుజం దించింది. ఎడమకి తిరిగింది.

గిన్నెల చప్పుడు మూడో అంతస్తుదాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. మనుషులకు ఏమీ కాలేదు. సూపంతా దుప్పట్ల మీద పడింది. అవి మాసినవే కావడం ఒక్కటే ఆ రోజు జరిగిన మంచి. వంటగది వదిన నేల మీద కూర్చుండిపోయి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, ట్రాలీ అక్కను చూసి ఒక్క మాట అంది.

"కుడికన్నావు కదా వదినా!"

ఆ అనడంలో కోపం లేదు. రోజూ పొద్దున్నే లేచే సూర్యుడు ఒకరోజు రాకపోతే మనిషి ఎలా అడుగుతాడో అలా అడిగింది. ట్రాలీ అక్కకు తిట్లయినా బాగుండుననిపించింది.

సూపర్‌వైజర్ తన గదిలో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పద్నాలుగేళ్ళు. నీ గురించి కొత్తవాళ్ళకి కథలు చెప్తాను నేను. ఏమైందమ్మా?"

"అలవాటు తప్పింది సార్."

"ఏ అలవాటు?"

"చెప్పినవైపు తిరిగే అలవాటు."

ఆమె దాచలేదు. ఆట సంగతి, భుజం సంగతి, చీపురు సంగతి మొత్తం చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు. "నువ్వు ఆడుకుంటానంటే నేనెవర్ని కాదనడానికి? కానీ ఈ నడవాలో నీ మాటే బ్రేకు. ఇంకొక్కసారి ఇలా జరిగితే ట్రాలీ తీసేసి మడత బల్ల దగ్గర కూర్చోబెడతాను" అన్నాడు.

ఆ సాయంత్రం చొక్కా చుట్టి సంచిలో కుక్కి, "మానేస్తున్నానమ్మా" అంది ట్రాలీ అక్క. "అక్కడ అబద్ధం నేర్చుకుంటే ఇక్కడ మనుషులు పడుతున్నారు. రెండూ నా ఒంట్లో ఇమడవు."

"మానెయ్యి. వంటింటికి నా దారి నాకు దొరుకుతుంది" అంది తల్లి, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "చొక్కా అలా చుట్టి పడెయ్యకు. ముడతలు పడితే ఆ ల్యాబ్ పిల్ల నిన్నే అంటుంది" అని కూడా అంది.

ట్రాలీ అక్కకు ఒళ్ళు మండింది. సంచిలోంచి సామాన్లన్నీ బయటికి తీసింది. ఎవరికిచ్చినా కడిగి ఇవ్వాలి కదా అని రబ్బరు అచ్చును కుళాయి కింద పెట్టింది. దాని మీద తన పళ్ళ గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. ఇంకొకరి నోట్లో పట్టేది కాదది. ఊరికే నోట్లో పెట్టుకుని చూసింది. దవడ బిగుసుకుంది. నడవాలోకి వచ్చి భుజం దించింది, ఎడమకి కదిలింది. తీసి చేతిలో పట్టుకుంది. మళ్ళీ నడిచింది. "కుడికి" అని పైకి అంది, కుడికి తిరిగింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది. పెట్టుకున్నప్పుడల్లా మోసం, తీసినప్పుడల్లా నిజం. ఇరవైసార్లు చేసింది. ఒక్కసారీ తప్పలేదు.

"ఏం చేస్తున్నావే?" అంది తల్లి.

"నోట్లో ఇదుంటే దొంగని, లేకపోతే మనిషిని" అంది కూతురు. టీవీ శబ్దం తగ్గింది. స్టూలు నడవాలోకి వచ్చింది.

శుక్ర, శనివారాలు నేలమాళిగలో మలుపుకు ముందు నాలుకతో పళ్ళు తడుముకునేది. రబ్బరు లేదు. "ఎడమకి!" ఎడమకే. వంటగది వదిన మాత్రం ఆ కేక వినిపించగానే బండి ఆపి, గోడకు బల్లిలా అతుక్కుని, ట్రాలీ మలుపు పూర్తిగా తిరిగేదాకా ఊపిరి వదిలేది కాదు.

*

మ్యాచ్‌లో ల్యాబ్ పిల్ల ముందుగా దిగింది. ట్రాలీ అక్క బెంచీ మీద కూర్చుంది. మొదటి సగం అయ్యేసరికి నీళ్ళ బోర్డు ఆరు, ఆసుపత్రి నాలుగు. మేడం అటు ఇటు చూసి, వేరే ఒకామె కాలు ఈడుస్తోందని గమనించి, "ఏడో నంబరు, నువ్వు దిగు" అంది.

ఆమెను కాచుకున్నది నీళ్ళ మీటర్లు చూసే పొడుగు మనిషి. కిందటేడు మ్యాచ్‌లోనూ ఆమే కాచుకుంది. ట్రాలీ అక్కను చూడగానే తనవాళ్ళ వైపు తిరిగి నవ్వింది. "కంగారు పడకండి. ఈవిడ ఎటు వెళ్తుందో ఈవిడే చెప్తుంది!"

మొదటిసారి బంతి అందగానే భుజం దించింది గానీ కాలు ఆలస్యమైంది. మీటరామె కర్ర తగిలి బంతి జారిపోయింది. రెండోసారి గుద్దబోయి, ఆగి, వెనక్కి ఇచ్చేసింది. బెంచీ పక్క నుంచి మేడం గొంతు వినిపించింది. "ఇంకా ఎనిమిది నిమిషాలుంది." అది ఎవరికి చెప్పిందో అందరికీ తెలుసు.

మూడోసారి ల్యాబ్ పిల్ల ఇచ్చిన బంతి వలలో పడగానే ట్రాలీ అక్క తిన్నగా మీటరామె మీదికి పరిగెత్తింది. నాలుగడుగులు. మూడు. రబ్బరును కొరికిపట్టిన పళ్ళు తామే విడిచాయి.

"గుడిగీ!"

మీటరామె నవ్వుతూ అటు జరిగింది. దిగిన భుజం కూడా కుడికే రమ్మంటోంది. కుడికాలు నేలను తన్ని ఆగింది, కర్ర చెయ్యి మారింది, ట్రాలీ అక్క ఎడమ నుంచి దాటిపోయింది. ఎదురుగా గోల్ కాచే మనిషి ఒక్కతే ఉంది. ఆమె మీదికి రాగానే ట్రాలీ అక్క పక్కనున్న ల్యాబ్ పిల్లకు బంతి ఇచ్చింది. ల్యాబ్ పిల్ల గోల్ కొట్టి, బంతి వైపు చూడకుండా అక్క వైపు చూసి రెండు చేతులూ పైకెత్తింది.

ఇంకో నాలుగు నిమిషాలకు మళ్ళీ అదే చోటు, అదే మనిషి. మీటరామె మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

"గుడిగీ!"

ఇక నీ పప్పులు ఉడకవన్నట్టు మీటరామె ఎడమకి దూకింది. ట్రాలీ అక్క చెప్పినట్టే కుడికి వెళ్ళి, తన పద్నాలుగేళ్ళ మలుపు తాను తిరిగి, గోల్ కొట్టింది. ఎదురుగా మనుషులు ఉండగా ఆమె కొట్టిన మొదటి గోల్ అది.

ఆసుపత్రి ఏడు-ఎనిమిదితో ఓడిపోయింది. మేడం ఓటమి గురించి పది నిమిషాలు తిట్టింది. తిట్టడం పూర్తయ్యాక కొత్త చొక్కాల సంచి తెరిచి, ల్యాబ్ పిల్ల మీదికి పదకొండో నంబరు విసిరింది. ట్రాలీ అక్క తన చొక్కా విప్పబోతుంటే, "అదేం? చలెయ్యదూ? ఉంచుకో" అంది. "ముందు వరసలో ఇద్దర్నీ ఆడిస్తా. ఇంకొకామెను వెనక్కి పంపిస్తాలే."

*

సోమవారం పొద్దున్న నేలమాళిగ మలుపుకు మూడడుగుల ముందు ట్రాలీ అక్క నాలుకతో పళ్ళు తడుముకుంది.

"ఎడమకీ!"

వంటగది వదిన బండి ఆగింది. మలుపు అవతల నుంచి ఆమె గొంతు మెల్లగా వచ్చింది. "నిజంగానా వదినా? నిన్న రెండు రకాలూ చేశావట కదా!"

"నోట్లో ఏమీ లేదు వదినా. ఎడమకే."

చక్రాలు కిర్రుమంటూ ట్రాలీ ఎడమకు తిరిగింది. వంటగది వదిన గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడింది. ట్రాలీ మలుపు తిరిగి పూర్తిగా వెళ్ళిపోయాక, వెనక నుంచి కేకేసింది.

"అయితే ఆ కుడికని ఎడమకి పోవడం నాకూ నేర్పిస్తావా? పని మధ్యలో టీకి జారుకుంటానని మా వంటగది మేస్త్రీ రోజూ తలుపు దగ్గరే కాచుకుంటున్నాడు."

"ఆదివారం ఆరున్నరకి" అంది ట్రాలీ అక్క, వెనక్కి తిరగకుండానే. "ముందు ఒక చీపురు సంపాదించు."